మా హింటు బాబాయి

మా బాబాయి అసలు పేరు చెప్పమంటే ఇంట్లోవాళ్ళం కూడా ఒక్క క్షణం తడుముకుంటాం. అందరికీ ఆయన హింటు. వీధిలో పిల్లలకి హింటు అంకుల్, షాపుకొచ్చే రంగులమేస్త్రీలకి హింటన్న, నాకు హింటు బాబాయి. ఆ పేరు ఆయనకి ఎలా అంటుకుందో చెప్పాలంటే ముందు మా నాయనమ్మ సంగతి చెప్పాలి.

తాతయ్య పోయేనాటికి మా నాన్న బడికెళ్ళే పిల్లాడు, బాబాయి ఇంకా చంకలో ఉన్నాడు. నాయనమ్మ కుట్టుమిషన్ తొక్కి ఇద్దర్నీ పెంచింది. ఒకరింట్లో వెనకవాటాలో రెండు గదులు వాళ్ళవి. ముందువాటాలో ఇంటివాళ్ళు. నీళ్ళ కుళాయి, బట్టలారేసే తీగ, మెట్లకింద సామాన్లు పెట్టుకునే చోటు, అన్నీ ఇంటివాళ్ళవే. ఏది కావాలన్నా వెళ్ళి అడగాలి. నాయనమ్మకేమో అడగడమంటే తల తీసేసినట్టుండేది.

"నోరు తెరిచి అడిగితే మనం చిన్నబోతాం. తెలిసేటట్టు మసలుకుంటే చాలు, వాళ్ళే ఇస్తారు" అని పిల్లలకి నేర్పింది.

తీగమీద చోటు కావాలంటే తడిబట్టల బకెట్టు పట్టుకుని ఇంటావిడ కిటికీ ముందు నిలబడేది. "ఇవాళ ఎండ ఎంత బాగా కాస్తోందండీ" అనేది. ఇంటావిడ "అవునండీ" అని నవ్వి లోపలికెళ్ళిపోయేది. నాయనమ్మ బకెట్టు మోసుకుంటూ తిరిగొచ్చి బట్టలు గదిలోనే కుర్చీలమీద ఆరేసుకునేది.

మా నాన్నకి ఈ విద్య అబ్బలేదు. ఆయన బస్సు కండక్టరయ్యాడు. రోజంతా "టికెట్, టికెట్! లోపలికి జరగండి!" అని అరిచీ అరిచీ ఇంట్లో కూడా అదే గొంతుతో "మంచినీళ్ళు!" అని కేకేసేవాడు. బాబాయికి మాత్రం ఆ విద్య ఉగ్గుపాలతో వచ్చేసింది. చెప్పులు తెగిపోతే తెగిపోయాయని చెప్పడు. ఆ చెప్పుల్ని గుమ్మానికి అడ్డంగా పెట్టి, తను పక్కన కూచుని వాటికేసి జాలిగా చూసేవాడు. నాన్న వచ్చి "అమ్మా, వీడి చెప్పులు తెగాయి" అని అరిస్తే పని జరిగేది.

బడిలో లెక్క తెగకపోతే పిల్లలందరూ "సార్, ఒక్క హింట్ ఇవ్వండి సార్" అని గోలపెట్టేవాళ్ళట. బాబాయి అది కూడా నేరుగా అడగలేక, "ఈ లెక్కలోకి ఏ వైపునుంచి వెళ్తారో కదా సార్" అని గోడతో అన్నట్టు అనేవాడు. సారు నవ్వుకుని, వచ్చి మొదటి మెట్టు రాసిచ్చేవాడు. హింట్ అంటే జవాబు కాదు, జవాబు దగ్గరికి వెళ్ళే దారిలో ఒక దీపం అన్నదే అప్పటికి బాబాయికి తెలిసిన అర్థం.

చదువయ్యాక, అందరూ ఆ వెనకవాటా వదిలి వేరే ఇంటికి మారాక, బాబాయి పెయింట్ల షాపులో కుదిరాడు. పొడుగ్గా, ఇరుగ్గా, రైలుపెట్టెలాంటి షాపు అది. రెండువైపులా కప్పుదాకా డబ్బాలు. లోపల చివర్న డబ్బాల్ని గడగడలాడించి రంగు కలిపే మిషను. నేలమీద ఎక్కడ చూసినా రంగుచుక్కలు. టర్పెంటైన్ వాసన బట్టలకి పట్టేస్తే రెండు ఉతుకుల దాకా వదలదు. ఓనరు పెద్దాయన. కళ్ళద్దాలు నుదుటిమీదికి తోసుకుని, వాటికోసమే టేబులంతా వెతుక్కునే మనిషి.

ఒకరోజు కంపెనీవాళ్ళు కొత్త రంగుల కార్డులు పంపించారు. అన్నీ తెలుపులే, కానీ ఒక్కోదానికి ఒక్కో పేరు. హింట్ ఆఫ్ రోజ్. హింట్ ఆఫ్ లెమన్. హింట్ ఆఫ్ స్కై. బాబాయి కార్డుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"హింట్ అంటే లెక్కలకి ఇచ్చేది కదండీ?"

"ఇక్కడ అది కాదురా. రంగు ఉందా అంటే ఉంది, లేదా అంటే లేదు. లేశం. గులాబీ వాసన చూపించి డబ్బా మూసేశారన్నమాట."

బాబాయికి ఇది తెగ నచ్చేసింది. మనవాళ్ళు చూచాయగా చెప్పడం అంటారు కదా, ఆ చూచాయలో కూడా ఛాయ ఉంది అని మురిసిపోయాడు. అంతలో డబ్బా వెనక్కి తిప్పితే అక్కడా అదే మాట. 'హింట్స్' అని పెద్దక్షరాలు, కింద వరసగా: గోడ తడిగా ఉంటే వేయకండి, వేసేముందు బాగా కలపండి, పిల్లలకి అందనీయకండి.

"ఇదేమిటండీ, ఇక్కడ అన్నీ తిన్నగానే చెప్పేశాడు. మరి దీన్ని కూడా హింట్ అంటాడేం?"

"అవి చిట్కాలు. ఆ మాటకి అదో అర్థం."

"సగం చెప్పినా హింటే, మొత్తం చెప్పినా హింటే, చిటికెడు రంగు కలిపినా హింటేనా?"

ఓనరు కళ్ళద్దాలు దించుకుని బాబాయికేసి తేరిపార చూశాడు. "ఒరేయ్, నువ్వొచ్చిన దగ్గర్నుంచీ రోజూ 'షాపులో గాలాడట్లేదు కదండీ' అంటున్నావు. నేనేమో నీకు ఆయాసముందనుకుని మా ఇంట్లో చెప్పి బాధపడుతున్నాను. నీకు ఫ్యాను కావాలా?"

బాబాయి సిగ్గుపడి తల దించుకున్నాడు.

"కావాలంటే కావాలని ఏడవొచ్చు కదరా! నిన్ను హింటు అనాలి."

మర్నాడు ఫ్యాను వచ్చింది. పేరూ నిలిచిపోయింది.

ఇంట్లో అందర్నీ విసిగించిన గుణమే షాపులో ఆయనకి అన్నం పెట్టింది. రంగు కొనడానికొచ్చేవాళ్ళలో తమకేం కావాలో చెప్పగలిగినవాళ్ళు చాలా తక్కువ. "మా అమ్మ వంటింటి గోడలుండేవి చూడండి, మధ్యాహ్నం పూట, అలాంటి రంగు" అంటుంది ఒకావిడ. "మా ఆవిడ అలిగినప్పుడు కట్టే చీర రంగు కాకుండా ఇంకేదైనా" అంటాడు ఒకాయన. మిగతా షాపుల్లో కార్డు మొహాన పడేసి వేలు పెట్టమంటారు. బాబాయి మాత్రం విసుక్కోడు. ఆ గదికి కిటికీ ఎటుందండీ, పొద్దున అక్కడ కూచుని కాఫీ తాగుతారా, అమ్మగారు దీపం ఎక్కడ పెట్టుకునేవారు, ఇలా చుట్టూ తిరుగుతాడు. తిరిగీ తిరిగీ తెల్లరంగు డబ్బాలో ఒక చుక్క పసుపు, ఒక వీసం ఎరుపు వేస్తాడు. పుల్లతో కలిపి, అట్టముక్కమీద రాసి, ఆరాక గుమ్మం బయట వెలుతుర్లో పెట్టి చూపిస్తాడు. ఆ వంటింటి గోడలావిడ దాన్ని చూసి "ఇదే! మీకెలా తెలుసు?" అని కళ్ళు తుడుచుకోవడం ఓనరు కళ్ళారా చూశాడు.

అలాంటి షాపులోకి ఒకరోజు డ్రైవింగ్ మేడం వచ్చింది.

ఆవిడ సొంతంగా డ్రైవింగ్ స్కూలు నడిపేది. స్కూలంటే ఒక పాత కారు, దాని నెత్తిమీద ఒక బోర్డు, అంతే. బోర్డు రంగు వెలిసిపోయింది.

"పసుపు రంగు. చిన్న డబ్బా" అంది.

"ఏ పసుపండీ?"

"పసుపు పసుపే కదండీ."

బాబాయి నోరు వెళ్ళబెట్టాడు. తనకేం కావాలో రెండు ముక్కల్లో చెప్పిన మనిషి ఆయన కౌంటరు ముందుకి రావడం అదే మొదటిసారి. చుట్టూ తిరగడానికి సందు దొరకలేదు. బయట ఆగివున్న కారుని చూసి, బోర్డు దూరంనుంచి కనబడాలి కదా అని చిటికెడు నారింజరంగు కలిపి ఇచ్చాడు. కొన్నాళ్ళకి ఆవిడ మళ్ళీ వచ్చింది.

"బోర్డు వీధి చివర్నుంచి కనబడుతోంది. నేర్చుకోవడానికొచ్చేవాళ్ళు పెరిగారు. ఏం కలిపారందులో?"

"కాస్త నారింజ ఛాయ అండీ. హింట్..."

"ఆ మాట అప్పుడే చెప్పొచ్చుగా? థాంక్స్ అప్పుడే చెప్పేదాన్ని." చెప్పేసి వెళ్ళిపోయింది.

బాబాయి ఆ పూటంతా పుల్లతో ఖాళీ డబ్బా కలుపుతూ కూచున్నాడట. మర్నాడు వెళ్ళి డ్రైవింగ్ స్కూల్లో చేరాడు. ఆయనకి కారు లేదు. కొనే ఉద్దేశమూ లేదు. సైకిలుకే గాలి తక్కువ. "డ్రైవింగ్ ఎందుకురా నీకు?" అని నాన్న అడిగితే "రేపెప్పుడైనా ఎవరికైనా ఒంట్లో బాలేకపోతే..." అని నీళ్ళు నమిలాడు.

నేర్చుకోవడంలో కూడా ఆయనది అదే వరస. హారన్ కొట్టడు. రోడ్డుకి అడ్డంగా ఒక ముసలాయన చేతికర్రతో నడుస్తుంటే ఆయన వెనకాలే అదే నడకతో కారు పోనిస్తాడు.

"హారన్ కొట్టండి!"

"ఆయనే చూసి తప్పుకుంటారేమోనండీ. ఉలిక్కిపడతారు పాపం."

"ఆయనకి వెనక కళ్ళున్నాయా?"

ఇండికేటర్ మాత్రం ఆయనకి ప్రాణం. మలుపు కనబడని దూరంనుంచే వేసేవాడు. "ఇది భలే ఉందండీ మేడం. నోరు తెరవకుండానే మనసులో ఉన్నది అవతలివాళ్ళకి చెప్పేయొచ్చు."

"మనసులో ఉన్నది కాదు, చేయబోయేది. వేస్తే తిరగాలి. మీరు వేస్తున్నారు, తిరగట్లేదు. వెనకవాళ్ళు తిట్టుకుంటున్నారు."

బాబాయి తనకు చేతనైన పద్ధతిలో మనసు విప్పుతూనే ఉన్నాడు. "ఈ రోడ్డుమీద ఇలా ఎంతదూరం వెళ్ళినా బాగానే ఉంటుందండీ" అన్నాడు ఒకరోజు. "వెళ్ళలేం. బడి దాటాక పైపులకోసం తవ్వేశారు" అంది ఆవిడ. ఇంకోరోజు చాలా ధైర్యం చేసి, స్టీరింగుకేసి చూస్తూ, "మా ఇంట్లో ఒక గది ఖాళీగా ఉందండీ. మనిషి లేక బోసిపోయినట్టుంది" అన్నాడు.

మేడం ఆయనవైపు తిరిగింది. మొహం విప్పారింది.

"అద్దెకిస్తారా? మా తమ్ముడు గదికోసం నెత్తీ నోరూ బాదుకుంటున్నాడు. రేపే పంపిస్తాను!"

మర్నాడు పొద్దున్నే ట్రంకుపెట్టె, చుట్టచుట్టిన పరుపుతో తమ్ముడు దిగాడు. బేకరీలో పనిచేస్తాడు. బాబాయి అతన్ని ఎలాగైనా వదిలించుకుందామని గుమ్మంలోనే నిలబడి "ఆ గదిలో పొద్దుటిపూట ఎండ బాగా పడుతుందండీ" అన్నాడు. "నాకు ఎండంటే ఇష్టం" అన్నాడు తమ్ముడు. "గోడ పక్కనే మెట్లు. చప్పుడెక్కువ." "నాకు చప్పుడు లేకపోతే నిద్ర పట్టదు" అంటూ పెట్టె లోపల పెట్టేశాడు. నాయనమ్మ లోపల్నుంచి ఇదంతా వింటూనే ఉంది గానీ, తన శిక్షణలో పెరిగిన కొడుకుని ఏమని కాపాడుతుంది? ఆ తమ్ముడు బేకరీనుంచి విరిగిన కేకుముక్కలు తెచ్చి ఆవిడకి పెడుతుండేవాడు కూడా.

తమ్ముడు తెలివైనవాడు. అసలు విషయం నాలుగురోజుల్లో పసిగట్టాడు. పసిగట్టీ అక్కకి చెప్పలేదు. ఎందుకయ్యా అని తర్వాత అడిగితే, "చెబితే వాళ్ళకి పెళ్ళి, నాకు గది పోవడం. ఆ ఎండ ఎక్కడ దొరుకుతుంది?" అన్నాడు నిర్మొహమాటంగా.

బాబాయికి లైసెన్సు వచ్చేసింది. అయినా ఏదో ఒక వంకన పాఠాలకి వెళ్తూనే ఉన్నాడు. "ఎత్తుమీద ఆపి తియ్యడం ఇంకా సరిగా రాలేదండీ" అనేవాడు. ఊళ్ళో ఉన్నది ఒకటే ఎత్తు. దానిమీద ఆ కారు ఎన్నిసార్లు ఆగి కదిలిందో!

అలా జరుగుతుండగా నాయనమ్మకి నలత చేసింది. ముందు మిషన్ తొక్కడం మానేసింది. తర్వాత లేవడమే తగ్గించేసింది. పెట్టింది రెండు మెతుకులు కెలికి పళ్ళెం పక్కకి తోసేసేది. ఏం కావాలమ్మా అంటే "మీ ఇష్టం నాయనా" అనేది. మొహం పాలిపోయింది. బాబాయి ఆవిడని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. పరీక్షలు చేయించారు. రెండోసారి బాబాయి ఒక్కడే వెళ్ళి డాక్టర్ని కలిశాడు.

డాక్టరు కాగితాలు చూశాడు. కళ్ళద్దాలు తీశాడు. మాత్రలేవో రాశాడు. "ఇంట్లోనే ఉంచండి. ఆవిడకి ఏం తినాలనిపిస్తే అది పెట్టండి. దేనికీ అడ్డు చెప్పకండి" అన్నాడు. లేచి వచ్చి బాబాయి భుజం తట్టాడు.

బాబాయికి ఇంకేం చెప్పాలి? చూచాయ మాటలు చదవడంలో ఆయనంత ఆరితేరినవాడు ఊళ్ళో లేడు. కళ్ళద్దాలు తీయడం చూశాడు, 'అడ్డు చెప్పకండి' అనడం విన్నాడు, భుజంమీద చెయ్యి పడింది. బయటికొచ్చి బల్లమీద కూలబడ్డాడు.

తిన్నగా మా ఇంటికొచ్చాడు. మేము పక్కవీధిలో ఉండేవాళ్ళం. నాన్న అప్పుడే డ్యూటీ దిగి కాళ్ళు కడుక్కుంటున్నాడు.

"అన్నయ్యా, కొన్నాళ్ళు సెలవు పెట్టుకుంటే బాగుంటుందేమో" అన్నాడు బాబాయి.

జన్మలో ఎవరి హింటూ అందుకోని మా నాన్న ఆ ఒక్కటీ అందుకున్నాడు. చెంబు చేతిలోంచి జారిపోయింది.

ఆ వారం నాయనమ్మ గది జనంతో నిండిపోయింది. ఎన్నేళ్ళుగానో మాట్లాడని ఆడపడుచు ద్రాక్షపళ్ళు పట్టుకుని వచ్చింది. నాన్న గొంతు తగ్గించి మాట్లాడటం నేను మొదటిసారి వినడం అప్పుడే. రోజూ ఐస్‌క్రీమ్ వచ్చేది. తమ్ముడు విరగని కేకులు తేవడం మొదలుపెట్టాడు. "ఇంకో ముక్క తింటావా అమ్మా?" అని ఒకరు, "కాళ్ళు పట్టనా అత్తయ్యా?" అని ఒకరు. మంచం చుట్టూ అందరూ నవ్వు మొహాలు పెట్టుకుని, వంటింట్లోకి వెళ్ళి ముక్కులు చీదుకునేవాళ్ళు.

నాయనమ్మకి తెలియకుండా ఉంటుందా? ఈ విద్యకి ఆదిగురువు ఆవిడే. విరగని కేకు చూసినప్పుడే కనిపెట్టేసిందట. ఎవర్నీ ఏమీ అడగలేదు. కానీ ఆ మర్నాటినుంచి ఆవిడ నోటికి వేసుకున్న తాళం ఊడిపోయింది.

ముందు మా అమ్మ దొరికింది. "అమ్మాయ్, నువ్వు చాలా మంచిదానివి. కానీ నీ వంటలో ఉప్పుండదు. ఇన్నాళ్ళూ చెప్పలేక చచ్చాను." అమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నాన్నని పిలిచి, "ఇల్లు బస్సు కాదురా. నెమ్మదిగా మాట్లాడు. ఈ నాలుగురోజులూ ఎంత హాయిగా ఉందో" అంది. పాత ఇంటావిడ, ఆ వెనకవాటా అద్దెకిచ్చినావిడ, కబురు తెలిసి చూడ్డానికొచ్చింది. నాయనమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని, "మీమీద నాకు ఎంత కోపముండేదో తెలుసా? తీగమీద చోటుకోసం మీ కిటికీ ముందు ఎన్నిసార్లు నిలబడ్డాను! ఒక్కసారైనా ఇచ్చారా?" అంది.

ఇంటావిడ బిత్తరపోయింది. "అయ్యయ్యో! చోటు కావాలని ఒక్కసారైనా అడిగారా మీరు? నేను మీకు ఎండంటే మహా ఇష్టం కాబోలు అనుకునేదాన్ని. మా ఆయనతో కూడా అనేదాన్ని, బకెట్టు పట్టుకుని మరీ వచ్చి ఎండని మెచ్చుకుంటుంది పాపం, ఒంటరి మనిషి అని."

నాయనమ్మ పకపకా నవ్వేసింది. ఆవిడా నవ్వింది. ఇద్దరూ దుప్పటి అంచుతో కళ్ళు ఒత్తుకున్నారు.

ఆ సాయంత్రం బాబాయిని పక్కన కూచోబెట్టుకుంది. "చిన్నోడా, నిన్ను ఇలా తయారుచేసింది నేనే. ఆ కారు పిల్లని చేసుకోవాలని నీకుంది. నాకు తెలుసు, వాళ్ళ తమ్ముడికి తెలుసు, మీ ఓనరుకి తెలుసు. తెలియంది ఆ పిల్లకొక్కదానికే. వెళ్ళి అడుగు నాయనా. కాదంటుంది, అంతేగా."

బాబాయి తల్లి చేతిలో మొహం దాచుకున్నాడు.

మర్నాడు డ్రైవింగ్ మేడం వచ్చింది. తమ్ముడు ఈ సంగతీ చెప్పలేదు కాబోలు, బాబాయి పాఠానికి రాకపోతే ఏమైందో కనుక్కుందామని వచ్చి, జనాన్ని చూసి గుమ్మంలోనే ఆగింది. బాబాయి ఆవిడని మెట్లమీదికి తీసుకెళ్ళి, "అమ్మ ఇంక... మాతో ఎక్కువ..." అని మింగేశాడు.

"జబ్బేమిటి?"

ఎవరికీ తెలియదు. వెనకే వచ్చిన నాన్న బాబాయికేసి చూశాడు, బాబాయి నేలకేసి చూశాడు.

"డాక్టరు ఏమన్నారు? మీకర్థమైంది కాదు, ఆయన అన్న మాటలు చెప్పండి."

బాబాయి అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు. కళ్ళద్దాల సంగతీ, భుజం సంగతీ కూడా.

"ఇందులో పోతారని ఎక్కడుంది?"

"అలా అన్నారంటే దానర్థం అదే కదమ్మా" అన్నాడు నాన్న.

"నాకు అలాంటివి అర్థం కావండీ. పదండి, అడుగుదాం" అని బాబాయి చేతిలో కారు తాళాలు పెట్టింది.

డాక్టరు వేరే రోగిని పంపించి తలెత్తేలోపే ఆవిడ అడిగేసింది. "ఈయన వాళ్ళమ్మగారు చనిపోతున్నారా?"

డాక్టరు ఉలిక్కిపడ్డాడు. "ఎవరన్నారు? ఆవిడకి రక్తం తక్కువగా ఉంది. సరిగా తినట్లేదు. ఏం తింటారని అడిగితే నాకే 'మీ ఇష్టం' అని చెప్పారు. అందుకని ఏది ఇష్టమైతే అది పెట్టమన్నాను. మాత్రలు వేస్తున్నారా?"

"వేస్తున్నామండీ. మా ఊరటకోసం రాశారనుకున్నాను" అన్నాడు బాబాయి.

"ఊరటేమిటండీ, రక్తం పట్టడానికి!"

"మరి... కళ్ళద్దాలు తీశారు కదండీ."

"మసకగా ఉంటే తుడుచుకున్నాను."

"భుజం తట్టారు."

డాక్టరు కొంచెం ఇబ్బందిపడ్డాడు. "మీరు తలుపుకి అడ్డంగా నిలబడ్డారు. బయట చాలామంది ఉన్నారు. కాస్త జరుగుతారేమోనని."

బయటికొచ్చి కారెక్కాక బాబాయికి నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చాడు. ఏడుస్తూనే కారు నడిపాడు. కొంతదూరం పోయాక ఇండికేటర్ వేశాడు.

"ఇక్కడ మలుపు లేదు."

"పక్కకి ఆపుతున్నానండీ." నిజంగానే ఆపాడు. ఇంజను కట్టేశాడు. ఆవిడవైపు తిరిగి, ఎక్కడ ఆగిపోతానో అన్నట్టు గబగబా అడిగేశాడు. "నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

ఆవిడ జవాబుకోసం వెతుక్కోవడం బాబాయి అప్పుడే మొదటిసారి చూశాడు.

"ఎప్పట్నుంచి ఇది?"

"మీరు పసుపు రంగు కొన్నప్పట్నుంచి."

"మరి ఆ ఖాళీ గది?"

"అది మీ గురించే అన్నానండీ."

"అయ్యో రామా! మావాడు అక్కడ అల్మరా కూడా కొట్టించుకున్నాడు!" అని నుదురు కొట్టుకుంది. తర్వాత నెమ్మదిగా, "నాకు ఆలోచించుకోవాలనుంది. గురువారం చెప్తాను. అప్పటిదాకా నన్ను చూసి ఏమీ ఊహించుకోకండి" అంది.

ఇంటికెళ్ళి డాక్టరు అన్నది చెబితే ఇల్లంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. నాన్న పాతగొంతుతో "ఏమీ లేదట!" అని కేకపెట్టాడు. నాయనమ్మ మాత్రం దుప్పటి మొహందాకా లాక్కుంది.

"అయితే నేనన్న మాటలన్నీ?"

"అందరూ విన్నారత్తయ్యా" అంది అమ్మ, మూతి బిగించి.

దుప్పట్లోంచి మెల్లగా గొంతు వినబడింది. "ఐస్‌క్రీమ్ ఏమైనా మిగిలిందా? ఉంటే నాకు కావాలి." అమ్మకి ఆ మాటతో నవ్వాగలేదు. వెళ్ళి తెచ్చిపెట్టింది. ఆ రోజునుంచి మా ఇంట్లో భోజనాల దగ్గర ఉప్పుగిన్నె విడిగా పెట్టడం మొదలైంది, ఇద్దరి మధ్యా ఏ గొడవా లేకుండా.

గురువారం మేడం వచ్చింది. గుమ్మంలోంచే "సరే" అంది. బాబాయి దేనికి సరే అని అడగలేదు. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టి పెళ్ళి చేసుకున్నారు. అక్కడి ఆఫీసరు "మీకిష్టమేనా?" అంటే బాబాయి "ఇష్టమే!" అన్న అరుపుకి పక్కగదిలో గుమాస్తాలు తొంగిచూశారు. అలా ఆవిడ మాకు పిన్ని అయింది. తమ్ముణ్ణి గది ఖాళీ చేయమని ఎలా చెప్పాలా అని బాబాయి కిందా మీదా పడుతుంటే, పిన్ని "ఒరేయ్, వచ్చే నెల వేరే గది చూసుకో" అంది. తమ్ముడు ఎదురింట్లో తూర్పువైపు గది వెతుక్కున్నాడు.

కాపురమైతే సాఫీగానే సాగింది గానీ భాష కుదరడానికి కొంతకాలం పట్టింది. ఇద్దరూ మెట్టు దిగారు. బాబాయి రోజుకో మాటైనా తిన్నగా చెప్పడం అలవాటు చేసుకున్నాడు. "నాకు కాకరకాయ అంటే అస్సలు పడదు" అని చెప్పిన రోజు ఆయన మొహం యుద్ధం గెలిచినట్టుంది. పిన్నికేమో చూచాయగా చెప్పడం నేర్చుకోవాలని సరదా పుట్టింది. చేతకాదు. "ఏమండీ, ఇప్పుడు మీకొక హింట్ ఇస్తున్నాను, జాగ్రత్తగా వినండి. నాకు గొడుగు కావాలి" అనేది. బాబాయి చాలా సేపు ఆలోచించినట్టు నటించి, సాయంత్రం గొడుగు తెచ్చేవాడు.

నాయనమ్మ ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. బతికినన్నాళ్ళూ మొహమాటం లేకుండా అడిగింది. కూరలవాణ్ణి కొసరు అడిగింది, పక్కింటివాళ్ళ రేడియో తగ్గించమని అడిగింది, నన్ను జడ వెయ్యమని అడిగింది. అడగడంలో ఇంత సుఖముందని ముందే తెలిసుంటే ఎంత బాగుండేదో అనేది. పాత ఇంటావిడా తనూ వారానికోసారి కలిసి గంటలకొద్దీ కబుర్లు చెప్పుకునేవాళ్ళు.

బాబాయి ఇప్పటికీ ఆ షాపులోనే ఉన్నాడు. పెద్దాయన తప్పుకుని ఆయనకే అప్పజెప్పాడు. పిన్ని మోకాళ్ళ నొప్పులతో పాఠాలు తగ్గించుకుంది. పోయిన నెల ఇద్దరూ ఒక పాత కారు కొనుక్కుని సముద్రం చూడ్డానికి బయల్దేరారు. సగం దారిలో టైరు పంక్చరైంది. స్టెప్నీ చూస్తే అందులోనూ గాలి లేదు. వాళ్ళిద్దరూ ఒక ట్రాక్టరు ఆపి, టైరుతో సహా ఎక్కి, పక్కూరెళ్ళి బాగుచేయించుకుని, పొద్దు వాలుతుండగా సముద్రం దగ్గరికి చేరారట. ఫోటోలో పిన్ని చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని నీళ్ళలో నిలబడి ఉంది. బాబాయి ప్యాంటు మోకాళ్ళదాకా తడిసింది. వెనక ఎవరిదో కుక్క పరిగెడుతోంది. మళ్ళీ వేసవికి నన్ను కూడా రమ్మన్నారు.